ఒక పిల్లకు మందు.. మరో పిల్లకు ముప్పు!
పెద్దజాతి కుక్కపిల్లల ఆహారంపై యజమానులు, పశువైద్యుల మధ్య తెగని వాదం

నరసరావుపేట: నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల. ముంగాళ్లు విల్లులా వంగిపోయాయి. లేచి నిలబడాలంటే మూలుగుతోంది. ‘పాలు, గుడ్లు, చికెన్.. దేనికీ లోటు చేయలేదు డాక్టరుగారూ’ అని యజమాని వాపోతున్నారు. ఒక వైద్యుడు కాల్షియం టానిక్కు రెట్టింపు చేయమన్నారు. మరొకరు దానిని వెంటనే ఆపమన్నారు. మందుల దుకాణంలో మూడో సలహా దొరికింది. ఎవరి మాట వినాలో తెలియక, చివరికి ఎవరి మాటా వినకుండా పిల్లను ఇంటికి తీసుకుపోవడం జరుగుతోంది.

పల్నాడు పట్టణాల్లో పెద్దజాతి కుక్కలను పెంచుతున్న కుటుంబాలకు ఈ పరిస్థితి కొత్త కాదు. వైద్యుని మాటతో యజమాని విభేదించడం తప్పేమీ కాదు. కొన్ని సందర్భాల్లో యజమాని సందేహమే సరైనది కూడా. అయితే దేనిపై విభేదించాలి, దేనిపై విభేదిస్తే పిల్ల జీవితకాలం కుంటుతుంది అన్నది తెలుసుకోవడం అవసరం. వంకరపోయిన ఎముకను ఆ తర్వాత ఎంత ఖర్చు పెట్టినా పూర్తిగా సరిచేయడం కష్టం.

కాపలాకు వచ్చిన పెద్దజాతులు

పల్నాటి పల్లెలకు కుక్కల పెంపకం కొత్త కాదు. గొర్రెల మందల వెంట, మిరప కల్లాల వద్ద, పొలం పాకల వద్ద నాటు కుక్కలు తరతరాలుగా కాపలా కాస్తున్నాయి. ఇవి ఒక మోస్తరు పరిమాణంలో ఉంటాయి. ఇంట్లో మిగిలిన అన్నం, మజ్జిగతో పెరుగుతాయి. వీటి ఆహారం గురించి వైద్యుని అడిగిన వారు లేరు, అడగవలసిన అవసరమూ పెద్దగా రాలేదు.

కాలక్రమంలో లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ వంటి జాతులు నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల, గురజాల, సత్తెనపల్లి, వినుకొండ ప్రాంతాలకు చేరాయి. ఇళ్లలో, తోటల్లో, గోదాముల వద్ద ఇవి కనిపిస్తున్నాయి. కుక్క మారింది గానీ పెంచే పద్ధతి మారలేదు. ఇక్కడే చిక్కు మొదలవుతోంది.

మరోవైపు గ్రామీణ పశువైద్యశాలల పని ప్రధానంగా గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకలతో ముడిపడి ఉంటుంది. చూడి కట్టించడం, గాలికుంటు టీకాలు, ఈత కష్టాలు, పొదుగువాపు వంటివే రోజువారీ పని. ఈ ఒత్తిడిలో ఒక కుక్కపిల్ల ఏమి తింటోందో, ఎంత తింటోందో పావుగంట కూర్చుని అడిగే తీరిక తక్కువ. పిల్లను చూడగానే టీకా, నట్టల మందుతో పాటు ఒక కాల్షియం సీసా కూడా రాసే అలవాటు అక్కడక్కడా ఉన్నది. యజమానులూ సీసా రాయకపోతే వైద్యం జరిగినట్టు భావించడం లేదు.

కోడెదూడ లెక్క చెల్లదు

రైతు కుటుంబంలో పుట్టిన వారికి మేపడం అంటే ఒక అనుభవం ఉన్నది. బండలాగుడు పోటీలకు ఒంగోలు జాతి కోడెలను తయారుచేసేవారు ఉలవలు, పత్తిగింజలు, తవుడుతో పుష్టిగా మేపుతారు. దూడ ఎంత తింటే అంత మేలన్నది వారి నమ్మకం. అదే లెక్కను కుక్కపిల్లకు వర్తింపజేస్తున్నారు.

కానీ రెండింటి పెరుగుదల ఒకటి కాదు. ఒంగోలు దూడ పుట్టినప్పుడు పాతిక కిలోలకు అటూఇటూగా ఉండి, నాలుగైదేళ్లకు ఐదారు వందల కిలోల ఎద్దు అవుతుంది. అంటే సుమారు ఇరవై రెట్లు. మనిషి బిడ్డ కూడా ఇరవై రెట్లు పెరగడానికి పద్దెనిమిదేళ్లు తీసుకుంటుంది. లాబ్రడార్ పిల్ల పుట్టినప్పుడు సుమారు 400 గ్రాములు. ఏడాది తిరిగేసరికి 30 కిలోలకు చేరువవుతుంది. అంటే డెబ్బై రెట్లకు పైమాటే. గ్రేట్ డేన్ అయితే ఏడాదిన్నరలో వంద రెట్ల దాకా పెరుగుతుంది.

ఇంత వేగంగా పెరిగే ఎముక సహజంగానే మెత్తగా ఉంటుంది. ఎముకల చివర ఉండే పెరుగుదల పొరలు లాబ్రడార్‌లో దాదాపు ఏడాదికి, అతి పెద్ద జాతుల్లో ఏడాదిన్నరకు గట్టిపడతాయి. అప్పటిదాకా ఆ ఎముక మీద పడే బరువును, అందులో చేరే సున్నపు పాలును రెండింటినీ అదుపులో ఉంచాలి. ఎక్కువ తినిపించడం వల్ల కుక్క చివరి ఎత్తు పెరగదు. అది జాతి, తల్లిదండ్రుల లక్షణాలను బట్టి నిర్ణయమై ఉంటుంది. ఎక్కువ తిన్న పిల్ల ఆ ఎత్తుకు త్వరగా చేరుతుంది, అంతే. ఆ తొందరే కీళ్లకు చేటు.

వంకరకు రెండు దారులు

ఈ వివాదమంతటికీ మూలం ఒక విచిత్రమైన వాస్తవం. కాల్షియం తక్కువైనా కాళ్లు వంకరపోవచ్చు, ఎక్కువైనా వంకరపోవచ్చు. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

కాల్షియం తక్కువైన పిల్లలో జరిగేది ఇది. రక్తంలో కాల్షియం ఒక స్థాయికి తగ్గితే గుండె, కండరాలు, నరాలు పనిచేయవు. కనుక మెడలోని చిన్న గ్రంథులు రసాయనాన్ని విడుదల చేసి ఎముకలోని కాల్షియాన్ని రక్తంలోకి లాగుతాయి. ఎముక పలుచబడుతుంది. చిన్న దూకుడుకే పచ్చి కొమ్మ వంగినట్టు వంగి చిట్లుతుంది. ఎముకలు తీసేసిన మాంసం మాత్రమే తినే పిల్లల్లో, అన్నం, మాంసంతో పెరిగే పిల్లల్లో ఇది కనిపిస్తుంది. ‘రక్తపరీక్షలో కాల్షియం సరిగ్గానే ఉంది కదా’ అని యజమానులు వాదిస్తుంటారు. ఎముకను కరిగించి రక్తాన్ని నిలబెట్టడం వల్లనే అది సరిగ్గా కనిపిస్తుందన్నది గమనార్హం.

కాల్షియం ఎక్కువైన పిల్లలో జరిగేది మరొకటి. పెద్ద కుక్క పేగు తనకు చాలినంత కాల్షియం తీసుకుని మిగిలినది వదిలేస్తుంది. ఆరు నెలల లోపు పిల్ల పేగుకు ఆ అదుపు ఇంకా రాదు. పెట్టినదానిలో ఎక్కువ భాగం లోపలికి పోతుంది. అప్పుడు మృదులాస్థి ఎముకగా మారే పని మందగిస్తుంది. ముంగాలిలో పక్కపక్కన రెండు ఎముకలుంటాయి. ఒకటి పెరగడం ఆలస్యమైతే, దానితో కట్టివేసినట్టున్న రెండోది విల్లులా వంగుతుంది. భుజం, మోచేయి, మోకాలు కీళ్లలో మృదులాస్థి పొర పగిలి ముక్కలు ఊడడమూ ఉన్నది.

మొదటి పిల్లకు కాల్షియం మందు. రెండో పిల్లకు అదే కాల్షియం ముప్పు. కాళ్ల వంకర చూసి మాత్రమే టానిక్కు రాయడం గానీ, మాన్పించడం గానీ సరికాదు. ఆహారం వివరం, ఎక్స్‌రే రెండూ చూస్తేనే తేడా తెలుస్తుంది. ఎముక గోడలు పలుచగా నీడలా కనిపిస్తే ఒక లెక్క, గోడలు దట్టంగా ఉండి చివర మృదులాస్థి మిగిలిపోతే మరో లెక్క.

యాభై ఏళ్ల పరిశోధన ఏమి తేల్చింది?

వైద్యుల మధ్యనే భిన్నాభిప్రాయాలు ఎందుకు ఉన్నాయన్న ప్రశ్నకు సమాధానం పరిశోధనల చరిత్రలో దొరుకుతుంది.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గ్రేట్ డేన్ పిల్లలపై జరిగిన అధ్యయనం 1974లో వెలువడింది. బలమైన ఆహారాన్ని ఒక గుంపు పిల్లలకు కావలసినంత, మరో గుంపుకు కొలిచి తగ్గించి పెట్టారు. కావలసినంత తిన్న పిల్లల్లో ఎముకలు, కీళ్ల లోపాలు ఎక్కువగా వచ్చాయి. ఆ ఆహారంలో మాంసకృత్తులు, శక్తి, కాల్షియం, భాస్వరం అన్నీ ఎక్కువే. దోషి ఏదో తేలలేదు. కానీ నింద మాత్రం మాంసకృత్తులపై పడింది. పెద్దజాతి పిల్లలకు మాంసం, గుడ్లు తగ్గించాలన్న సలహా అప్పటి నుంచి ప్రచారంలోకి వచ్చింది.

ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో హేజ్‌వింకెల్ బృందం ఒక్కో అంశాన్ని విడదీసి పరీక్షించింది. 1985లో వెలువడిన అధ్యయనంలో గ్రేట్ డేన్ పిల్లలకు ఒక గుంపుకు 1.1 శాతం, మరో గుంపుకు 3.3 శాతం కాల్షియం ఉన్న ఆహారం పెట్టారు. ఎక్కువ కాల్షియం తిన్న పిల్లల ఎముకలు దెబ్బతిన్నాయి. 1991లో మాంసకృత్తులపై అధ్యయనం వచ్చింది. సుమారు 15, 23, 32 శాతం మాంసకృత్తులతో మూడు రకాల ఆహారం పెట్టి చూశారు. 32 శాతం తిన్న పిల్లల్లోనూ ఆ కారణంగా ఎముకల లోపం రాలేదు. అంటే తప్పు మాంసకృత్తులది కాదు. అదనపు కాల్షియం, అదనపు శక్తి.. ఈ రెండే అసలు కారకాలని తేలింది.

మూడో ముఖ్యమైన అధ్యయనం లాబ్రడార్లపై జరిగింది. 48 పిల్లలను జతలుగా విభజించి, ఎనిమిది వారాల వయసు నుంచి ఒక దానికి మరో దానికంటే 25 శాతం తక్కువ ఆహారం పెట్టారు. జీవితాంతం ఇదే పద్ధతి పాటించారు. ఫలితాలు 2002లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వచ్చాయి. తక్కువ తిన్న కుక్కల మధ్యస్థ ఆయుర్దాయం 13 ఏళ్లు. ఎక్కువ తిన్న వాటిది 11.2 ఏళ్లు. తుంటి కీలు లోపం కూడా తక్కువ తిన్న వాటిలో బాగా తగ్గింది.

అమెరికాలో పశు ఆహార ప్రమాణాలు నిర్దేశించే ఆఫ్కో సంస్థ పెద్దజాతి పిల్లలకు ప్రత్యేక పరిమితి పెట్టింది. పెద్దయ్యాక 70 పౌండ్లు, అంటే సుమారు 32 కిలోలు, అంతకుమించి తూగే జాతుల పిల్లల ఆహారంలో తేమ తీసివేయగా కాల్షియం 1.8 శాతం దాటరాదు. ఇతర కుక్కలకు ఈ పరిమితి 2.5 శాతం. మాంసకృత్తులపై ఇటువంటి పై పరిమితి లేదు. చదువుకున్న కాలాన్ని బట్టి, చదివిన పుస్తకాన్ని బట్టి ఒక వైద్యుడు మాంసకృత్తులను, మరొకరు కాల్షియాన్ని తప్పుపట్టడం వెనుక కారణమిదే.

రెండు గిన్నెల లెక్క

ఈ విషయం ఒక ఉదాహరణతో సులభంగా బోధపడుతుంది. మూడు నెలల వయసు, 12 కిలోల బరువు ఉన్న పిల్లను తీసుకుందాం. దానికి రోజుకు సుమారు 1350 కేలరీల శక్తి, సుమారు 4 గ్రాముల కాల్షియం అవసరమవుతాయి.

మొదటి గిన్నె ఇంటి వంట. 150 గ్రాముల బియ్యం వండిన అన్నం, పావుకిలో ఎముకలు లేని చికెన్, అర లీటరు గేదె పాలు. శక్తి సరిగ్గా సరిపోతుంది. పిల్ల కడుపు నిండుతుంది, ఒళ్లు నిగనిగలాడుతుంది. కానీ కాల్షియం అవసరం కంటే చాలా తక్కువే అందుతుంది. అదీ పాల నుంచి వచ్చినదే. వంద గ్రాముల చికెన్‌లో భాస్వరం 200 మిల్లీగ్రాములకు చేరువగా ఉంటే, కాల్షియం 20 మిల్లీగ్రాములకు మించదు. నిజానికి కాల్షియం భాస్వరం కంటే కొంచెం ఎక్కువే ఉండాలి. ఈ గిన్నెలో లెక్క తలకిందులైంది. ఈ పిల్లకు కాల్షియం తప్పక కలపాలి.

రెండో గిన్నె మంచి ప్యాకెట్ ఆహారం. పెద్దజాతి పిల్లల కోసం తయారైనది, అందులో కాల్షియం 1.2 శాతం అనుకుందాం. అదే శక్తికి 350 గ్రాములు చాలు. అందులో 4.2 గ్రాముల కాల్షియం ఉంటుంది. అవసరం తీరిపోయింది. దీనికి యజమాని ప్రేమతో రెండు టీస్పూన్ల డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి కలిపితే మరో 2.3 గ్రాములు చేరి మొత్తం 6.5 గ్రాములవుతుంది. పైన చెప్పిన పరిమితి ప్రకారం ఈ ఆహారానికి 5.7 గ్రాములకు మించరాదు. రెండు చెంచాలతోనే హద్దు దాటింది.

పశువుల కోసం కొనే ఖనిజ లవణ మిశ్రమాన్నే చెంచాడు కుక్కపిల్లకూ వేయడం రైతుల ఇళ్లలో ఉన్నది. అది పాడిగేదె అవసరాలకు కూర్చిన మిశ్రమం. కుక్కపిల్ల కొలతకు తగినది కాదు.

ద్రవ రూపంలోని టానిక్కుల విషయంలో మాత్రం సీసా మీది లెక్క చూడాలి. కొన్నింటిలో 5 మిల్లీలీటర్లకు వంద మిల్లీగ్రాముల లోపే కాల్షియం ఉంటుంది. మొదటి గిన్నె లోటును అది పూడ్చలేదు. రెండో గిన్నెకు అది పెద్ద హాని చేయకపోయినా, ఉపయోగమూ లేదు. అంటే టానిక్కు పోస్తున్నామన్న ధీమాతో ఇంటి వంట మీదే పెంచితే, సీసా ఖాళీ అవుతుందే తప్ప ఎముక నిండదు.

యజమాని మాట ఎక్కడ సబబు?

వైద్యుని సలహాను ప్రశ్నించవలసిన సందర్భాలు కొన్ని ఉన్నాయి.

పిల్ల ఏమి తింటోందో అడగకుండా కాల్షియం రాస్తే ఎందుకని అడగవచ్చు. సమతుల ప్యాకెట్ ఆహారం తినే ఆరోగ్యవంతమైన పిల్లకు అదనపు కాల్షియం అవసరం లేదన్నది నేడు విస్తృతంగా అంగీకరించిన విషయం.

‘మాంసం, గుడ్డు పెడితే కాళ్లు వంకరపోతాయి’ అన్న సలహా పాతబడినది. ఉడికించిన గుడ్డు, మాంసం మితంగా పెట్టడం వల్ల ఎముకలు చెడవు. శక్తి లెక్క మించకూడదు, కాల్షియం తూకం తప్పకూడదు. అంతే.

‘పిల్లల ఆహారం మానేసి పెద్ద కుక్కల ఆహారం పెట్టండి, నెమ్మదిగా పెరుగుతుంది’ అన్నది మరో సలహా. పూర్వం ప్రత్యేక ఆహారాలు లేని రోజుల్లో దీనికి కొంత అర్థం ఉండేది. పెద్ద కుక్కల ఆహారంలో కాల్షియం పరిమితి పెద్దజాతి పిల్లలను దృష్టిలో ఉంచుకుని పెట్టినది కాదు. పైగా శక్తి తక్కువగా ఉంటే పిల్ల ఎక్కువ పరిమాణం తింటుంది, దానితో పాటు కాల్షియమూ ఎక్కువే లోపలికి పోతుంది.

ఖరీదైన ప్యాకెట్ తప్ప గత్యంతరం లేదన్న మాటనూ అడగవచ్చు. ఇంటి వంటతో పెంచడం సాధ్యమే. కానీ కాల్షియంతో పాటు విటమిన్ డి, జింకు, రాగి, అయోడిన్ వంటివి కొలిచి కలపాలి. ఆ కొలత అంచనాతో కాక, పోషణ తెలిసిన వైద్యుడు రాసి ఇవ్వాలి. ఎదిగే పెద్దజాతి పిల్ల విషయంలో కంటి కొలత పనికిరాదు.

వైద్యుని మాట ఎక్కడ సబబు?

వైద్యుని మాట పెడచెవిన పెట్టి పిల్లను నష్టపరుస్తున్న సందర్భాలూ తక్కువేమీ కాదు.

పిల్ల బరువు తగ్గించమన్నప్పుడు యజమానికి కోపం వస్తుంది. ఇంటికి వచ్చిన చుట్టాలు ‘ఎంత ముద్దుగా ఉంది’ అన్న పిల్లనే వైద్యుడు లావుగా ఉన్నదంటే నచ్చదు. కానీ ఇక్కడ వైద్యుని మాటే నిజం. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచడం పెద్దజాతి పిల్లకు తగదు. రోజు కోటాను కొలిచి, నాలుగు నెలల లోపు మూడు నాలుగు పూటలుగా, ఆ తర్వాత రెండు మూడు పూటలుగా పెట్టాలి.

ఎముకలు పలుచబడ్డాయని ఎక్స్‌రేలో తేలిన పిల్లకు వైద్యుడు రాసిన కాల్షియాన్ని ‘ఎక్కువైతే ప్రమాదమట’ అని విని ఆపేయడం కూడా పెద్ద పొరపాటు. ఆ పిల్లకు అది మందు. గడువు పూర్తయ్యే వరకు వాడవలసిందే.

మందుల దుకాణాల్లో మనుషుల కోసం దొరికే 60 వేల యూనిట్ల విటమిన్ డి గుళికలను సొంతంగా కుక్కపిల్లకు వేయడం అన్నింటికంటే ప్రమాదకరం. విటమిన్ డి మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రాణం మీదకు రావచ్చు. రోజూ కోడి కార్జం పెట్టడమూ మంచిది కాదు. అందులో విటమిన్ ఎ అధికం. అప్పుడప్పుడు చిన్న ముక్క చాలు.

నీటి సున్నం, ఎండ, రాగిజావ

పల్నాటి నమ్మకాలు కొన్నింటిని కూడా తూచి చూడవలసి ఉన్నది.

సున్నపురాతి నేల గనుక ఇక్కడి నీళ్లలోనే సున్నం ఉందని, పిల్లకు వేరే కాల్షియం అక్కరలేదని కొందరి వాదన. లీటరు నీటిలో 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నదనుకున్నా, పిల్ల రోజంతా తాగే నీటితో అవసరంలో చాలా చిన్న భాగమే తీరుతుంది.

పిల్లను ఉదయపు ఎండలో కట్టేస్తే ఎముకలు గట్టిపడతాయన్నది మరో నమ్మకం. మనిషి చర్మంలో ఎండ తగిలితే విటమిన్ డి తయారవుతుంది. కుక్క చర్మానికి ఆ శక్తి దాదాపు లేదు. దానికి విటమిన్ డి ఆహారం నుంచే రావాలి. రాష్ట్రంలోనే అధిక ఉష్ణోగ్రతలకు పేరుపడిన రెంటచింతల వంటి ప్రాంతాలున్న ఈ జిల్లాలో పిల్లను ఎండలో కట్టేస్తే వడదెబ్బ ముప్పే తప్ప ఎముకకు లాభం లేదు. వేసవిలో పిల్ల కాస్త తక్కువ తినడం సహజం. ఉదయం పెందలాడే, రాత్రి చల్లబడ్డాక పెట్టాలి. తినడం లేదని బిర్యానీతో ఊరించడం తగదు.

రాగిజావ బలమన్న మాట నిజమే. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తృణధాన్యాల్లో ఇది ఎంతో ఎక్కువ. అయినా పైన చెప్పిన పిల్లకు 4 గ్రాములు రావాలంటే రోజుకు కిలోకు పైగా రాగులు తినాలి. అది అసాధ్యం. రాగిసంకటి ఆహారంలో భాగం కావచ్చు, కాల్షియానికి మాత్రం ప్రత్యామ్నాయం కాదు.

కోడిగుడ్డు పెంకు పొడి విషయం వేరు. ఒక టీస్పూను మెత్తని పొడిలో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. భాస్వరం ఉండదు. మాంసం, అన్నం తినే పిల్లకు వైద్యుడు కొలత చెబితే ఇది చౌకైన మార్గం. ప్యాకెట్ ఆహారం తినే పిల్లకు ఇదే పొడి హద్దు దాటిస్తుంది.

నేల సంగతి కూడా మరువరాదు. పల్నాటి ఇళ్లలో నునుపు చేసిన నాపరాళ్లు పరవడం పరిపాటి. పిల్ల ముంగాళ్ల పంజాలు పరచుకుపోయి, మణికట్టు వాలినట్టు కనిపించడానికి అధిక బరువుతో పాటు జారే నేల కూడా కారణం కావచ్చు. గోనెసంచి పరచడం, మట్టి నేల మీద తిరగనివ్వడం మేలు చేస్తుంది. ఎదిగే పిల్లను ద్విచక్ర వాహనం వెనుక పరుగెత్తించడం, ఎత్తు నుంచి దూకించడం మానాలి.

చేతి పిడికిలే కొలబద్ద

పిల్ల సరైన బరువులో ఉన్నదీ లేనిదీ ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చేతిని చాచి, వేళ్ల మీద మరో చేత్తో తడిమితే ఎముకలు పలుచని పొర కింద తగులుతాయి. పిల్ల పక్కటెముకలు అలా తగిలితే సరైన బరువు. పిడికిలి బిగించి కణుపుల మీద తడిమినట్టు పొడుచుకు వస్తే బక్కచిక్కినట్టు. అరచేతి మీద తడిమినట్టు మెత్తగా ఉంటే లావైనట్టు. పైనుంచి చూస్తే పక్కటెముకల వెనుక నడుము సన్నబడి కనిపించాలి.

ప్రతి వారం ఒకేరోజు పిల్లను ఎత్తుకుని తూకం మీద నిలబడి, ఆ తర్వాత విడిగా తూగి తేడా రాసుకుంటే చాలు. ఆ కాగితం వైద్యునికి ఏ మాటకంటే ఎక్కువ చెబుతుంది.

విభేదించడానికీ ఒక పద్ధతి

వైద్యుని ముందు తలూపి ఇంటికి వచ్చాక మానేయడం విభేదించడం కాదు. దాని వల్ల వైద్యునికి నిజం తెలియదు, పిల్లకు వైద్యం అందదు. సందేహం ఉన్నవారు వారం రోజులు పిల్ల తిన్న ప్రతిదీ కొలతతో సహా రాసుకుని వెళ్లాలి. బిస్కెట్లు, పాలు, పిల్లలు దొంగచాటుగా పెట్టిన ముక్కలు కూడా అందులో ఉండాలి. ప్యాకెట్ మీద కాల్షియం శాతం ఉన్న భాగాన్ని, టానిక్కు సీసాను వెంట తీసుకెళ్లాలి.

అక్కడ మూడు ప్రశ్నలు అడిగితే చాలు. ‘ఈ ఆహారంలో కాల్షియం ఎంత ఉందండీ? మీరు రాసిన దానితో కలిపితే ఎంతవుతుంది? ఇది ఎన్నాళ్లు వాడాలి?’ మర్యాదగా అడిగిన ప్రశ్నకు లెక్కతో సమాధానం ఇవ్వడానికి మంచి వైద్యుడు వెనుకాడడు. కాళ్లు వంకరపోతున్న పిల్ల విషయంలో ఎక్స్‌రే తీయించాలా అని అడగడమూ యజమాని హక్కే. అప్పటికీ తృప్తి కలగకపోతే రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల పల్నాడుకు అందుబాటు దూరంలోనే ఉన్నది.

పిల్ల ఒక కాలు మీద బరువు వేయకపోవడం, లేస్తున్నప్పుడు అరవడం, కీళ్ల దగ్గర వేడిగా వాయడం, జ్వరంతో తిండి మానేయడం, వెనుక కాళ్లతో కుందేలులా గెంతడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. ఆహారం వాదన తర్వాత చూసుకోవచ్చు, పిల్లను ముందు చూపించాలి. మనుషులకు వాడే నొప్పి మాత్రలు వేయడం ప్రాణాంతకం కావచ్చు.

కాల్షియం సీసా మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానం లేదు. అది గిన్నెలో ఏముందన్న దాని మీద ఆధారపడి ఉన్నది. గిన్నెలో ఏముందో యజమానికి తెలుసు. ఎముకలో ఏం జరుగుతుందో వైద్యునికి తెలుసు. ఒకరికి తెలిసినది మరొకరికి చెప్పకపోతే నష్టపోయేది నోరులేని పిల్ల. ఏడాది పాటు కొలిచి పెట్టిన తిండి దాని పన్నెండేళ్ల నడకకు పునాది అవుతుంది.